ఊరంతా ఒకే ఆపదలో ఉన్నప్పుడు కౌన్సెలింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో పనిచేసే కౌన్సెలర్లు, సైకాలజిస్టులు, సోషల్ వర్కర్లు కరోనా కాలం నుంచి నన్ను అడుగుతున్న సందేహాలు దాదాపు ఒకే రకంగా ఉంటున్నాయి. 2023 జూలై వరదల తర్వాత అవే ప్రశ్నలు మళ్లీ వచ్చాయి, ప్రతి వానాకాలంలోనూ వస్తూనే ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పడం కన్నా ఒకచోట రాసిపెట్టడం మేలనిపించింది. హనుమకొండలో ప్రాక్టీసు చేస్తున్న సైకాలజిస్టుగా నేను నేర్చుకున్నవీ, పొరపడినవీ రెండూ ఇందులో ఉన్నాయి. ఏ జవాబును ఆ జవాబుగా విడిగా చదువుకోవచ్చు.

## మొదటి రోజులు

వరద బాధితుల శిబిరానికి వెళ్లమన్నారు. అక్కడ కౌన్సెలింగ్ ఎలా మొదలుపెట్టాలి?

మొదటి రెండు మూడు రోజుల్లో కౌన్సెలింగ్ మొదలుపెట్టకండి. ఆ సమయంలో చేయవలసింది మానసిక ప్రథమ చికిత్స. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో క్షేత్ర కార్యకర్తల కోసం వెలువరించిన మార్గదర్శిని దీన్ని మూడు పనులుగా చెబుతుంది: చూడడం, వినడం, కలపడం. ఎవరికి తక్షణ ప్రమాదం ఉందో, ఎవరు ఒంటరిగా మిగిలారో చూడాలి. మాట్లాడాలనుకునేవారి మాట వినాలి. తిండికి, మందులకు, తప్పిపోయినవారి సమాచారానికి, అయినవాళ్లకు వారిని కలపాలి.

2023 జూలై 26 రాత్రి నుంచి 27 తెల్లవారేలోగా మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లాలోని మోరంచపల్లిని ముంచెత్తినప్పుడు జనం ఇళ్ల పైకప్పులు, చెట్లు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, కొందరిని హెలికాప్టర్లతో తీసుకురావలసి వచ్చింది. అలాంటి రాత్రి గడిపి వచ్చినవారికి మొదట కావలసినవి పొడి బట్టలు, ఫోన్ చార్జింగు, కొట్టంలో కట్టేసి వచ్చిన బర్రెల సంగతి. అవి తెలుసుకోవడానికి సాయపడడం కూడా మన పనే.

ఆ వారంలో నేను వెళ్లిన ఒక శిబిరంలో, తరగతి గది మూల ఒక పెద్దావిడ తడిసిన పట్టాదారు పాసుపుస్తకాన్ని ఒడిలో పెట్టుకుని, పేజీ చిరగకుండా గోటితో విడదీస్తూ, మధ్యలో పాత పేపరు ముక్కలు పెడుతూ కూర్చుంది. నేనేమీ అడగలేదు. పక్కన కూర్చుని పేపరు చింపి అందించాను. చాలాసేపటికి ఆమె తలెత్తకుండానే "ముసలాయన ఫొటో గూడ గీ కవర్లనే ఉండె బిడ్డా" అంది. ఆమెతో నా మొదటి సెషన్ అదే అనుకుంటాను. ఆ తర్వాత ఆమె చెప్పినంతవరకే విన్నాను.

జరిగిందంతా ఒకసారి చెప్పిస్తే మనసు తేలికపడుతుంది కదా? అందరినీ కూర్చోబెట్టి చెప్పించవచ్చా?

వద్దు. ఘటన జరిగిన వెంటనే ఒకే ఒక్క సమావేశంలో అందరిచేత అనుభవాలు పూసగుచ్చినట్టు చెప్పించే పద్ధతి ఒకప్పుడు విరివిగా ఉండేది. దానివల్ల తర్వాతి మానసిక సమస్యలు తగ్గలేదని, కొందరికి మేలుకన్నా కీడే జరిగిందని పరిశోధనల్లో తేలాక ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. పక్కవాళ్ల ఘోరం విన్నవారికి తమది కాని దృశ్యం కూడా కళ్లముందు నిలిచిపోతుంది. తనంతట తాను చెప్పుకునే మనిషిని మాత్రం మధ్యలో ఆపకుండా వినండి.

మా ఇంట్లోకి కూడా నీళ్లు వచ్చాయి. ఈ సంగతి క్లయింట్‌కు చెప్పాలా, దాచాలా?

అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మామూలు రోజుల్లో మన సొంత సంగతులు గది బయటే ఉంచుతాం. ఊరంతా మునిగినప్పుడు అది సాధ్యం కాదు. భద్రకాళి చెరువు కట్టకు గండి పడిన వారంలో హనుమకొండ, వరంగల్ కాలనీల్లో ఎవరి ఇంట్లో ఎంత నీరు నిలిచిందో ఊరందరికీ తెలుసు. మీ వీధి పేరు తెలిసిన క్లయింట్ ముందు ఏమీ జరగనట్టు కూర్చుంటే, "ఈమె నా దగ్గర నటిస్తోంది" అన్న అనుమానం వస్తుంది. చెప్పాలి, కానీ కొలిచి చెప్పాలి.

నేను తప్పు చేసింది ఈ కొలతలోనే. 2023 ఆగస్టు మొదట్లో ఒక క్లయింట్ "మీ ఇల్లు మంచిగనే ఉందా మేడం?" అని అడిగింది. నేను ఒక్క మాటతో ఆపకుండా కింది గదిలో మోకాలి లోతు నీళ్లు, తడిసిన పుస్తకాలు, అమ్మను మేడ మీదికి ఎక్కించిన తీరు అన్నీ చెప్పుకుంటూ పోయాను. ఆమె తన సంగతి పక్కనబెట్టి నన్ను ఓదార్చడం మొదలుపెట్టింది. వెళ్లేటప్పుడు "మీకే ఇంత కష్టముంటే నాదేం పెద్దది" అని లేచింది. ఆ గంట ఆమెది, దాన్ని నేను వాడుకున్నాను. తర్వాతి వారం ఆ మాటే ఆమెకు చెప్పి క్షమాపణ అడిగాను.

అప్పటినుంచి మూడు వాక్యాలు ముందే సిద్ధం చేసుకుని కూర్చుంటున్నాను: "అవును, మా ఇంట్లోకీ నీళ్లు వచ్చాయి. మేమంతా క్షేమంగా ఉన్నాం. మీ మాట వినడానికి నేను సిద్ధంగానే ఉన్నాను." ఇందులో మొదటిది నిజం, రెండోది క్లయింట్‌కు నా గురించిన రందిని తీసేది, మూడోది మాటను తిరిగి తన దగ్గరికి చేర్చేది. మూడో వాక్యం నిజాయితీగా అనలేని రోజున సెషన్ పెట్టుకోకూడదు. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. ఒకే వరదలో ఉన్నంత మాత్రాన ఇద్దరి కష్టం ఒకటి కాదు. పుస్తకాలు పోగొట్టుకున్న నేను, నారుమడి, బర్రె, ఇంటి గోడ పోగొట్టుకున్న మనిషితో "నాకు తెలుసు" అనే హక్కు లేని దాన్ని. "మీకు ఎట్లా ఉంది?" అని అడగడమే సరైనది.

ఫోన్‌లో మాట్లాడుదామంటే క్లయింట్ ఇంట్లో చాటు లేదు. ఏం చేయాలి?

లాక్‌డౌన్ రోజుల్లో ఒకే గదిలో ఆరుగురున్న ఇళ్ల నుంచి మాట్లాడినవారు ఎందరో. పొలం గట్టు మీద, ఆగి ఉన్న ట్రాక్టరు పక్కన, డాబా మీద నీళ్ల ట్యాంకు చాటున కూర్చుని మాట్లాడినవాళ్లున్నారు. మొదటి కాల్‌లోనే మూడు సంగతులు అడిగి రాసుకోండి: ఇప్పుడు ఎక్కడున్నారు, పక్కన ఎవరున్నారు, ఫోన్ కట్ అయితే ఏ నంబరుకు చేయాలి. ఎవరైనా దగ్గరికి వస్తే మాట మార్చడానికి ఒక గుర్తు పెట్టుకోండి. నా క్లయింట్ ఒకరు "యూరియా వచ్చిందా?" అనేవారు. వెంటనే నేను అవును, కాదు అని జవాబిచ్చే ప్రశ్నలకు మారేదాన్ని. ఇంట్లో హింస ఉందన్న అనుమానం ఉంటే ఈ గుర్తు లేకుండా కాల్ మొదలుపెట్టవద్దు.

కల్లు దుకాణాలు మూతపడ్డాక మనిషి వణుకుతున్నాడు, లేనివి కనబడుతున్నాయంటున్నాడు. భయం వల్లనేనా?

భయం అని సరిపెట్టుకోకండి. ఇది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి కావచ్చు. 2020 మార్చిలో మద్యం, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి ఇలాంటివారు పెద్ద సంఖ్యలో వచ్చారు. రోజూ తాగేవారు హఠాత్తుగా ఆపితే కొన్ని గంటల్లోనే వణుకు, చెమటలు మొదలవుతాయి, మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి లేనివి కనబడవచ్చు. మన ప్రాంతంలో ఇంకో చిక్కు కూడా ఉంది. కల్తీ కల్లులో డైజిపాం, ఆల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతారు. అవి ఒంటికి అలవాటైన మనిషికి ఆ లక్షణాలు వారం దాటాక కూడా బయటపడవచ్చు. కౌన్సెలింగ్ కోసం వేచి ఉండకుండా 108కి ఫోన్ చేసి ఆస్పత్రికి పంపండి. చుట్టాలకు "పిచ్చి కాదు, మత్తు దిగుతోంది, మందు ఉంది" అని విడమరిచి చెప్పండి. ఆ ఒక్క మాట మనిషిని కట్టేయకుండా కాపాడుతుంది.

నిద్ర పట్టడం లేదు, నిద్రమాత్రలు ఇప్పించమంటున్నారు. ఇప్పించవచ్చా?

ఆపద జరిగిన మొదటి నెలలో ఆ ఒత్తిడికి డైజిపాం వర్గపు మాత్రలు వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయం డాక్టరుది. శిబిరంలో నిద్ర పట్టకపోవడానికి లైటు, దోమలు, మరుగుదొడ్డికి చీకట్లో వెళ్లాలన్న భయం కారణాలు కావచ్చు. ముందు వాటిని చూడండి.

## వారాలు గడిచాక

ఇది మామూలు బాధా, జబ్బా? ఎప్పుడు డాక్టరు దగ్గరికి పంపాలి?

మొదటి వారాల్లో ఉలిక్కిపడడం, పీడకలలు, తిండి సయించకపోవడం, ఊరికే ఏడుపు రావడం చాలామందిలో ఉంటాయి. ఎక్కువమందిలో అవి ఇల్లు, పని, అయినవాళ్లు కుదురుకునే కొద్దీ తగ్గిపోతాయి. నెల దాటినా ఆ దృశ్యాలు పదేపదే కళ్లముందుకు వస్తూ, వాగు వైపు దారినే మానుకుంటూ, రోజువారీ పని చేసుకోలేని స్థితి ఉంటే పూర్తి పరీక్ష అవసరం. తనకు లేదా ఇతరులకు హాని చేసే ఆలోచన, తనలో తాను మాట్లాడుకోవడం, రోజుల తరబడి అన్నం నీళ్లు ముట్టకపోవడం కనబడితే నెల ఆగవలసిన పని లేదు.

మన దగ్గర లక్షణాలు ఒంటి భాషలో వస్తాయి. "పానం మంచిగ లేదు", "గుండెల బుగులు పుడుతాంది", "రంది పట్టింది" అన్నవారిని బీపీ చూసి పంపేస్తే అసలు మాట అక్కడే ఆగిపోతుంది. ఆ మాటలనే పట్టుకుని "రంది ఎప్పుడెప్పుడు ఎక్కువైతది?" అని అడగండి. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి మానసిక విభాగానికి పంపవచ్చు. అంత దూరం రాలేనివారికి కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన, మానసిక సమస్యలకు ఫోన్‌లో సాయం చేసే టెలీమానస్ నంబరు 14416 ఇవ్వండి. అది ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. నంబరు కాగితం చేతిలో పెట్టి పంపడం కన్నా మన ఎదుటే ఒకసారి ఫోన్ చేయిస్తే రెండోసారి వాళ్లే చేస్తారు.

పంట కొట్టుకుపోయిన రైతు "పురుగుల మందు తాగాలనిపిస్తాంది" అన్నాడు. అడిగితే ఆలోచన ఇంకా పెరగదా?

పెరగదు. చనిపోవాలన్న ఆలోచన గురించి సూటిగా అడిగితే ఆ ఆలోచన పుట్టదు, ముదరదు. చాలామందికి మొదటిసారి ఊపిరి తీసుకునే చోటు దొరుకుతుంది. ఎప్పటినుంచి, ఎలా అనుకున్నాడు, మందు డబ్బా ఎక్కడుంది అని మెల్లగా అడగండి. 1997-98లో పత్తి దెబ్బతిని వరంగల్ జిల్లా రైతులు అదే మందు తాగి చనిపోయిన కాలాన్ని చూసిన పెద్దలు ప్రతి ఊళ్లో ఉన్నారు. ఇక్కడ ఆ మాటను ఎవరూ తేలిగ్గా అనరు.

ఆ రోజే చేయవలసింది మందును చేతికి అందకుండా చేయడం. డబ్బాలను పాలివాళ్ల ఇంట్లోనో, తాళం వేసిన పెట్టెలోనో పెట్టించండి. ఆ గడియ దాటితే ప్రాణం నిలబడే అవకాశం ఎక్కువ. మనిషిని ఒంటరిగా వదలవద్దు. ఇంట్లోవారికి చెప్పవలసిన అవసరం వస్తే ముందు అతని ఎదుటే "మీ ప్రాణం కోసం ఈ ఒక్క సంగతి మీ భార్యకు చెబుతున్నాను" అని చెప్పి, అంతే చెప్పండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు అవసరమైనంత మేర సమాచారం పంచుకోవడానికి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 అనుమతిస్తుంది. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, వారిని శిక్షించకూడదని కూడా అదే చట్టంలోని 115వ సెక్షను చెబుతుంది. "పోలీసు కేసు అయితది" అని ఆస్పత్రికి తేవడానికి వెనుకాడే కుటుంబాలకు ఈ సంగతి తప్పక చెప్పండి.

ఇక అప్పు, పరిహారం, మళ్లీ విత్తనం సంగతి. అవి మన పని కాదని పక్కన పెట్టకండి. పంట నష్టం నమోదు అయిందో లేదో వ్యవసాయ విస్తరణ అధికారిని అడగడానికి అతనితో ఎవరు వెళ్తారో సెషన్‌లోనే తేల్చవచ్చు.

శవాన్ని చూడనీయలేదు, దినాలు చేయలేదు. ఆ దుఃఖం ఇన్నేళ్లయినా అలాగే ఉంది. ఏం చేయగలం?

2020, 2021లలో కరోనాతో పోయినవారిని ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇచ్చారు, కొందరిని ఇంటికి తీసుకురానే లేదు. నలుగురు మోసుకుపోవడం, పిట్టకు పెట్టడం, పెద్దకర్మ నాడు బంధువులంతా కూర్చుని తినడం, ఇవన్నీ ఆ చావు నిజమని మనసుకు ఎరుకచేసే మెట్లు. ఆ మెట్లు లేనివారు ఇప్పటికీ ఆస్పత్రి గేటు దగ్గరే నిలబడి ఉన్నట్టు మాట్లాడతారు. ఆలస్యంగానైనా చేసుకోవచ్చని చెప్పండి. ఏం చేయాలన్నది కుటుంబమే నిర్ణయించాలి. మా క్లయింట్ ఒకాయన మూడో ఏటి మాసికానికి, ఆ రోజు రాలేకపోయిన వాళ్లందరినీ పిలిచి, ఆస్పత్రి నుంచి తిరిగి వచ్చిన తండ్రి చేతిగడియారాన్ని ఫొటో ముందు పెట్టి, ఒక్కొక్కరిచేత తండ్రి గురించి ఒక మాట చెప్పించాడు. అప్పటివరకు ఆ గడియారాన్ని డికాక్షను సీసాల వెనుక దాచి ఉంచాడట. వాగులో కొట్టుకుపోయి శవం దొరకని చోట మాత్రం "ఇక రాడని ఒప్పుకో" అని ఒత్తిడి చేయవద్దు. ఉన్నాడో లేడో తేలని దుఃఖానికి గడువు పెట్టే అధికారం మనకు లేదు.

పిల్లలు చెరువు తెగిన ఆట, హెలికాప్టరు ఆట ఆడుతున్నారు. ఆపాలా?

ఆపకండి. పిల్లలు ఆడి అర్థం చేసుకుంటారు. ఆటలో ఎవరైనా బయటపడుతున్నారా, కథ ముందుకు కదులుతోందా అని గమనించండి. రోజుల తరబడి అదే ముంపు దగ్గర ఆగిపోయి, ఆడాక ఇంకా బిగుసుకుపోతుంటే పక్కన కూర్చుని "ఇప్పుడు తాడు ఎవరు వేస్తారు?" అని అడగండి.

పోచమ్మకు బోనం చేస్తే తగ్గుతుందంటున్నారు. వద్దనాలా?

వద్దనకండి. ఊరంతా కలిసి చేసే పని ఒంటరితనాన్ని తగ్గిస్తుంది. వాడుతున్న మందులు ఆపకుండా చూడండి, చాలు.

## నెలల తరబడి సాగినప్పుడు

క్లయింట్ అధికారుల మీద కోపంతో ఊగిపోతున్నాడు. కోపాన్ని ఎలా తగ్గించాలి?

తగ్గించడం మీ పని అని ఎందుకు అనుకుంటున్నారో ముందు ఆలోచించండి. నాలాలు పూడ్చి కట్టిన కాలనీల్లో నీళ్లు నిలిచాయన్న కోపం, జాబితాలో పేరు రాలేదన్న కోపం అన్యాయానికి వచ్చిన కోపమే కావచ్చు. దానికి శ్వాస వ్యాయామం నేర్పితే అవమానం. కోపం సరైనదేనని ఒప్పుకుని, అది ఇంట్లో భార్యాపిల్లల మీద పడుతోందా, దరఖాస్తుగా, నలుగురితో కలిసి అడిగే మాటగా మారుతోందా అన్నది మాట్లాడండి.

క్లయింట్ల మాటలు నా కలలోకి వస్తున్నాయి. నేను ఈ పనికి పనికిరానా?

పనికిరాకపోవడం కాదు. ఇతరుల గాయాలను వింటూ వింటూ వినేవారి లోకదృష్టే మారిపోవడాన్ని మెకాన్, పెర్ల్‌మన్ అనే మనస్తత్వవేత్తలు 1990లోనే వివరించారు. పని భారం వల్ల వచ్చే అలసట వేరు, ఇది వేరు. అలసట సెలవుతో తగ్గుతుంది. ఇది వచ్చినప్పుడు వాగు కనబడితే బుగులు, పిల్లలు పది నిమిషాలు ఆలస్యమైతే చెడు తలపు, ఎవరి మంచితనాన్నీ నమ్మలేకపోవడం ఉంటాయి. మన సొంత ఇల్లు కూడా మునిగి ఉంటే రెండూ కలిసిపోతాయి, ఏది మనదో ఏది విన్నదో తేలదు.

నేను చేసేది చెబుతాను. చివరి సెషన్ అయ్యాక ఇంటికి వెళ్లేముందు ఒక పుస్తకంలో రెండు గళ్లు గీసి, ఒక దానిలో ఈ రోజు విన్నది, రెండో దానిలో నాది అని రాస్తాను. క్లయింట్ల పేర్లు రాయను. 2023 ఆగస్టులో ఒకరోజు రెండు గళ్లలోనూ "మెట్ల మీద నీళ్ల చప్పుడు" అనే రాశాను. ఆ రాత్రే మా సీనియర్‌కు ఫోన్ చేసి, నాకు నేనుగా వారానికి ఒక గంట ఆమె దగ్గర క్లయింట్‌గా కూర్చోవడం మొదలుపెట్టాను. ఆ గంట లేకుంటే ఆ ఏడాది నేను ఈ గదిలో ఉండేదాన్ని కాదు. చికిత్స చేసేవారు చికిత్స తీసుకోవడాన్ని చాటుగా ఉంచవలసిన పని లేదు.

రోజుకు ఎంతమందిని చూడవచ్చు? కాదంటే పాపం అనిపిస్తోంది.

అందరికీ సరిపోయే లెక్క లేదు. నా హద్దు రోజుకు ఐదుగురు, అందులో చావు గురించి మాట్లాడే సెషన్లు వరుసగా రెండుకు మించవు. చివరి క్లయింట్ పేరు గుర్తు రావడానికి తడబడితే మీ హద్దు దాటినట్టే. కాదనడం అంటే తలుపు వేయడం కాదు, "నేను ఈ వారం చూడలేను, ఫలానావారు చూడగలరు" అని ఇంకో పేరు చేతిలో పెట్టడం.

తోటి కౌన్సెలర్లతో మాట్లాడుకుంటే గోప్యత పోదా? మనది చిన్న ఊరు.

పేరు మార్చితే చాలదు. "ఫలానా వాగు ఊరు, ఇద్దరు కొడుకులు పోయినామె" అంటే జిల్లా మొత్తానికి తెలిసిపోతుంది. ఊరు, వయసు, పోయినవారి సంఖ్య అన్నీ మార్చండి, లేదా క్లయింట్ కథ వదిలేసి "ఆమె మాట్లాడుతుంటే నా చేతులు చల్లబడ్డాయి" అని మీ సంగతే చెప్పండి. మా నలుగురం నెలకు రెండు ఆదివారాలు ఇలాగే కూర్చుంటాం. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఏ కేసూ రాయం.

ఫీజు తగ్గించాలా?

తగ్గించవచ్చు, కానీ ఎన్ని నెలలో మొదటే చెప్పండి. గడువు లేని దయ క్లయింట్‌కు మొహమాటంగా, మీకు భారంగా మారుతుంది. ఇవ్వలేక సంచిలో మిరపకాయలు తెచ్చినవారిని నొప్పించకుండా ఒకసారి తీసుకోండి.

## మళ్లీ వానాకాలం వచ్చినప్పుడు

ముసురు పట్టగానే క్లయింట్‌కు దడ మొదలవుతోంది. ఏడాది తర్వాత కూడా ఇలా ఎందుకు?

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. అలాంటి వానను చూసినవారి ఒంటికి వాన చప్పుడే హెచ్చరిక. ఆ భయాన్ని పూర్తిగా తీసేయాలని చూడకండి, ఎందుకంటే వాగు పక్కన ఉండేవారికి అందులో కొంత అవసరమే. నిజమైన ప్రమాదానికీ జ్ఞాపకానికీ తేడా తెలుసుకునే దారి చూపండి.

జూన్‌లోనే ఒక సెషన్‌ను సిద్ధపడడానికి కేటాయించండి. పాసుపుస్తకం, ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, మందులు ఏ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఏ అటకెక్కిస్తారు, నీళ్లు ఏ గుర్తు దాటితే ఇల్లు వదులుతారు, పశువుల తాళ్లు ఎవరు విప్పుతారు, ఎవరింటికి వెళ్తారు అన్నవి కాగితం మీద రాయించండి. "చెరువు కట్ట తెగింది" అంటూ పాత వీడియోలు తిరిగే రాత్రి ఎవరికి ఫోన్ చేసి నిజం తెలుసుకుంటారో కూడా రాయించండి. ఆ కాగితం తలుపు వెనుక అంటించాక దడ వచ్చినప్పుడు మనిషికి చేయడానికి ఒక పని ఉంటుంది.

సెషన్ నడుస్తుండగానే పెద్ద వాన మొదలైతే?

మాట ఆపి, వాన వచ్చిందని ఇద్దరూ పైకి చెప్పుకోండి. నా గుండె కూడా ఒక్కోసారి అదిరిపడుతుంది. అప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనించి ఒకసారి నిదానంగా ఊపిరి తీసుకుంటాను. ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారో తెలుసుకోవాలంటే ఫోన్ చేసుకోమంటాను, అవసరమైతే నేనూ ఒక్క నిమిషం అడిగి అమ్మకు ఫోన్ చేస్తాను. తర్వాత కిటికీ మూయాలా, తెరిచే ఉంచాలా అని క్లయింట్‌నే అడుగుతాను.